గింజనుండి గ్లాసుదాక – కొరాపుట్ కొండలలో కాఫీ కథ

ఉదయకాలమున మన తెలుగువారి యిండ్ల ముందునుండి నడచిపోవువారికి, ఆ యింట మాటలాడు భాష యేదో తెలియుటకు పూర్వమే కాఫీ వాసన తెలియును. రాయగడలో గాని, జయపురములో గాని, కొరాపుట్‌లో గాని, సునాబెడ కార్ఖానావారి వసతిగృహములలో గాని ఇది యొక్కటే గుర్తు. మన పిల్లలు బడిలో ఒడియా చదువుచున్నారు. బజారులో ఒడియా మాటలాడుచున్నారు. ఇంట తెలుగు నానాటికి తగ్గిపోవుచున్నదని పెద్దలు విచారించుచున్నారు. డికాషను మాత్రము తగ్గలేదు. భాషకంటెను గట్టిగా నిలిచిన యీ అలవాటునకు ఒక చరిత్ర కలదు. అందు కొంతభాగము మనము కాపురమున్న యీ కొండలమీదనే జరిగినది. అయినను మనలో చాలమంది దాని నెరుగరు.

ఇటీవల మన కుటుంబములలో ఒక క్రొత్త ప్రశ్న వినబడుచున్నది. పైన గింజలు పోసి మీట నొక్కినంతనే క్రింద కప్పులోనికి కాఫీ దిగు విద్యుద్యంత్రములు వచ్చినవి. బెంగుళూరులోను, హైదరాబాదులోను, విదేశములలోను కొలువులు చేయుచున్న మన బిడ్డలు తమ కార్యాలయములలో వీనిని చూచి, "అమ్మా, మన యింటికి ఒకటి కొందుమా?" అని అడుగుచున్నారు. ఇది కొనదగినదా, కాదా? కొన్నచో ఎట్టిదానిని కొనవలెను? ఈ ప్రశ్నకు బదులు చెప్పుటకు యంత్రము నొక్కదానినే చూచిన చాలదు. అందు పోయు గింజ యెక్కడిదో, మన పూర్వులు దాని నెట్లు వాడిరో కూడ చూడవలెను. ఈ మూడింటిని వరుసగా విచారించుటయే యీ వ్యాసమున నా ప్రయత్నము.

కాఫీ కొండ నెక్కిన విధము

కాఫీ మన దేశపు మొక్క కాదు. 17వ శతాబ్దమున బాబా బుడన్ అను మహమ్మదీయ సాధువు మక్కాయాత్ర చేసి తిరిగి వచ్చుచు, యెమెన్ దేశమునుండి ఏడు గింజలను దాచి తెచ్చి, చిక్కమగళూరు సమీపమున నున్న కొండలపై నాటెనని పెద్దలు చెప్పుకొను కథ కలదు. ఆ కొండలకు నేటికిని ఆయన పేరే వాడుకలో నున్నది. పిదప ఆంగ్లేయుల కాలమున మైసూరు, కొడగు, నీలగిరి, వయనాడు ప్రాంతములలో విస్తారముగా తోటలు లేచినవి. మద్రాసు రాజధానిలోని పట్టణములలో కాఫీ హోటళ్ళు వెలసినవి. మొదట ఉద్యోగుల యిండ్లలోను, తరువాత తక్కిన గృహములలోను చద్దియన్నము స్థానమును కాఫీ ఆక్రమించెను. అది దురలవాటని కేకలు వేసిన పెద్దలే కొన్నాళ్ళకు గ్లాసు అందుకొనిరి.

మన కొరాపుట్, రాయగడ ప్రాంతములు ఆనాడు జయపుర సంస్థానమునకు చెందినవి. జయపురము విశాఖపట్టణము జిల్లాలో చేరి మద్రాసు రాజధాని క్రింద నుండెను. సాలూరునుండి సుంకి ఘాటుమీదుగా బండ్లబాట. పార్వతీపురమునుండి రాయగడకు దారి. 1931లో విజయనగరము–రాయపూరు రైలుమార్గము పూర్తి యగుటతో రాయగడకు రాకపోకలు మరింత సులభమైనవి. వర్తకులు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు, రైల్వే ఉద్యోగులు ఈ దారులవెంట పైకి వచ్చి స్థిరపడిరి. వారి పెట్టెలలో భారతముతోను, పంచాంగముతోను పాటు ఇత్తడి కాఫీ ఫిల్టరు కూడ వచ్చినదనుటలో అతిశయోక్తి లేదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడి, కొరాపుట్ అందులో చేరినది. ఆ దినమున మనవారు ఇల్లు కదలకయే రాష్ట్రము మారిరి. 1992 అక్టోబరు 2వ తేదీన రాయగడ వేరు జిల్లా అయినది. సరిహద్దులు మారినను, వంటయింటి అలవాట్లు మారలేదు.

ఇంతలో మరియొక సంగతి జరిగినది. 1930 ప్రాంతమున జయపురపు మహారాజు రామచంద్ర దేవ్ గారు తమ సంస్థానమున కాఫీ మొక్కలను ప్రయోగముగా నాటించిరి. కొరాపుట్ కొండలలో కాఫీకి ఇదియే నాందియని చెప్పుదురు. ఆయన తరువాత 1931లో గద్దె నెక్కినవారు విక్రమదేవ వర్మ గారు. తెలుగునను ఒడియానను కవితలల్లిన విద్వత్ప్రభువుగా, ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్ష రూపాయల విరాళ మిచ్చిన దాతగా ఆయన మనకందరకు పూజనీయుడు. ఆ విద్యాదానమును మనము తరచుగా స్మరించుచున్నాము. ఆ సంస్థానముననే మొలకెత్తిన కాఫీ మొక్కను మాత్రము మరచితిమి.

మన్నును నిలుపుటకు నాటిన మొక్క

అయితే ఆ ప్రయోగము చిన్నది. కొరాపుట్ కొండలలో కాఫీ నిజముగా వేరూనినది స్వాతంత్ర్యానంతరమే. దానికి కారణము కాఫీ త్రాగు కోరిక కాదు. నదిలో పేరుకొను మన్ను.

మాచ్‌ఖండ్ నది విశాఖ మన్యపు కొండలలో పుట్టి, కొంతదూరము ఆంధ్ర–ఒడిశాల నడుమ సరిహద్దుగా ప్రవహించి, డుడుమ కడ జలపాతముగా దూకి, దిగువన సీలేరు అను పేరుతో సాగి, శబరిలో కలిసి గోదావరిని చేరును. దానిపై జోలాపుట్ కడ ఆనకట్ట కట్టి, రెండు రాష్ట్రములు ఉమ్మడిగా జలవిద్యుత్కేంద్రమును నిర్మించినవి. 1955లో విద్యుదుత్పత్తి ఆరంభమయ్యెను. ఆరు యంత్రములు, మొత్తము సామర్థ్యము 120 మెగావాట్లు. ఈ నిర్మాణమునకై ఎన్నియో గిరిజన గ్రామములు నీట మునిగినవి. ఆ వెలుగు వెనుక నున్న యీ చీకటిని చరిత్ర వ్రాయువారు విస్మరింపరాదు.

జలాశయము నిండినది గాని, దానికి ఒక ప్రమాదము కనబడెను. ఈ కొండలపై సంవత్సరమునకు సుమారు 1,500 మిల్లీమీటర్ల వాన కురియును. అడవి కొట్టివేసిన వాలులమీద, పోడు సాగుచేసి విడిచిన నేలలమీద ఆ వాన పడినపుడు, పైమన్ను కొట్టుకొనివచ్చి జలాశయము అడుగున పేరుకొనును. ఏటేట అడుగు పైకి వచ్చినకొలది నీరు పట్టు తావు తగ్గును. దీనిని నివారించుటకై 1958లో ఒరిస్సా భూసంరక్షణ శాఖవారు మాచ్‌ఖండ్ పరీవాహక ప్రాంతమున కాఫీ తోటలు వేయ నారంభించిరి.

కాఫీయే యేల? అరబికా కాఫీ నీడను కోరు మొక్క. పైన సిల్వర్ ఓక్ వంటి యెత్తైన చెట్లుండవలెను. వాని క్రింద కాఫీ పొదలుండును. చెట్ల మొదళ్ళ చుట్టును మిరియపు తీగలు ప్రాకును. వానచినుకు మొదట పైకొమ్మలపై పడి, పిదప కాఫీ ఆకులపై పడి, చివరకు రాలిన ఆకుల పొరపై మెల్లగా దిగును. దిగిన నీటిని నేల పీల్చుకొనును. వేళ్ళు మన్నును పట్టి యుంచును. అడవి చేయు పనినే చేయుచు, గిరిజనునకు పైకమును కూడ తెచ్చు పంట ఇది. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తు, చల్లని రాత్రులు, వేసవి తొలినాళ్ళలో కురియు జల్లులు అరబికాకు సరిగా అమరినవి. ఆ జల్లుల తరువాత కొలది దినములకే పొదలన్నియు తెల్లనిపూలతో నిండి, మల్లెలవలె పరిమళించును. పండ్లు ఎఱ్ఱబారి, నవంబరు మొదలుకొని కోతకు వచ్చును.

సరిహద్దునకు ఆవల మన తెలుగు మన్యమునను ఇట్టి కథయే నడచినది. 1898లో గోదావరి మన్యములోని పాములేరు లోయలో బ్రోడీ అను ఆంగ్లేయుడు కాఫీ నాటెనని చెప్పుదురు. పిదప అనంతగిరి, చింతపల్లి, అరకు ప్రాంతములకు సాగు వ్యాపించెను. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థయు, అటవీశాఖయు దానిని పెంచినవి. అరకు, కొరాపుట్ ఒకే కొండవరుసపై నున్నవి; కొత్తవలస–కిరండూలు రైలుమార్గము రెండింటిని కలుపుచున్నది. నీరు, నీడ, మన్ను, సాగుచేయు ఆదివాసుల కష్టము ఒకటే. రాష్ట్రములు మాత్రమే రెండు.

పేరులేని పంట

ఇన్ని దశాబ్దములుగా మన యింటికి కూతవేటు దూరమున కాఫీ పండుచుండగా, మనము దుకాణమునకు పోయి మైసూరు కాఫీ, నీలగిరి కాఫీ యని అడిగి కొంటిమి. ఇందు మన అజ్ఞానము కొంత యున్నది. అమ్మకపు పద్ధతి కూడ కొంత కారణము.

1942 నాటి కాఫీ చట్టము ననుసరించి, పండించినవారు తమ పంటను కాఫీ బోర్డు వారి ఉమ్మడి నిల్వకు అప్పగింపవలెను. దానిని పూలు అనిరి. అందు గింజల రకమునుబట్టి, పరిమాణమునుబట్టి తరగతులు ఏర్పరచి వేలము వేసెడివారు. 'ప్లాంటేషన్ ఏ' అనియు, 'పీబెర్రీ' అనియు మన పెద్దల నోట నానిన పేర్లు ఆ తరగతులవే. పండులో రెండు చదునైన గింజలకు మారుగా ఒకే గుండ్రని గింజ పెరిగినచో అది పీబెర్రీ. తరగతి పేరు మిగిలెను గాని, పండించిన కొండ పేరు, పండించిన చేయి పేరు ఆ నిల్వలో కరగిపోయినవి. చిన్న రైతునకు నిలుకడయైన కొనుగోలు దొరకుట ఆ పద్ధతిలోని మేలు. ఏ పంటకు ఏ రుచియో తెలియకపోవుట అందలి లోపము. 1992 నుండి మెట్లుమెట్లుగా ఈ నిర్బంధమును సడలించి, 1996 నాటికి పూర్తిగా తొలగించిరి.

ఆ తరువాతనే కొండల పేర్లు బయటకు వచ్చినవి. నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో అరకు గిరిజన రైతుల సహకార సంఘము తమ కాఫీని స్వంతపేరుతో అమ్మెను. 2017లో పారిస్ నగరమున అరకు కాఫీ దుకాణము తెరచిరి. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించినది. అదే 2019లో ఒడిశా గిరిజనాభివృద్ధి సహకార సంస్థవారు గిరిజన రైతుల గింజలను కొని, 'కొరాపుట్ కాఫీ' అను పేరుతో విపణిలో పెట్టిరి. మన్ను నిలుపుటకై నాటిన మొక్కకు ఆరు దశాబ్దముల పిమ్మట ఒక పేరు దక్కినది.

ఆ పేరు వెనుక నున్న శ్రమను ఒక లెక్కతో చూపవచ్చును. ఇంచుమించు ఐదారు కిలోల పండ్లనుండి ఒక కిలో పచ్చిగింజ వచ్చును. వేయించినపుడు అందు ఆరవ వంతు బరువు తరుగును. ఒక కప్పు కాఫీకి 8 గ్రాముల పొడి పట్టునన్నచో, దానికి సుమారు 60 గింజలు, అనగా 30 పండ్లు కావలెను. అన్ని పండ్లును ఒకేసారి పండవు గనుక, పండినవానిని ఏరి ఏరి చేతితో కోయవలెను. పరజ, గదబ, కోంధు స్త్రీ యొకతె వాలుమీద నిలిచి 30 మార్లు చేయి చాచినగాని మన కొక్క కప్పు నిండదు. పిదప తొక్క తీయుట, జిగురు పోవునట్లు నానబెట్టి కడుగుట, ఎండబెట్టుట, పైపొట్టు ఒలుచుట కలవు. ఇందు ఏ యొక్కటి చెడినను, తరువాత ఎంత వెల గల యంత్రమైనను దానిని బాగుచేయజాలదు.

మర, ఫిల్టరు – మన పాత యంత్రము

ఇక మన వంటయింటికి వత్తము. 'గింజనుండి కప్పుదాక' అను మాట నేడు క్రొత్తగా వినబడుచున్నది గాని, పని క్రొత్తది కాదు. రెండు మూడు తరముల క్రిందట మన యిండ్లలో పచ్చిగింజలనే కొనెడివారు. ఇనుప మూకుడులో కుంపటిమీద వేయించెడివారు. గింజ చిటపటలాడి, రంగు తిరిగి, వీధి చివరకు వాసన పోయినపుడు దింపి చేటలో ఆరబోసెడివారు. బల్ల అంచునకు మరతో బిగించిన కాఫీమిల్లు ఒకటి ఉండెడిది. దాని చేతిపిడిని త్రిప్పు పని పిల్లలది. ఆనాటికి కావలసిన పొడిని ఆనాడే విసరి, ఇత్తడి ఫిల్టరు పైగిన్నెలో పోసి, బిళ్ళతో మెల్లగా అదిమి, మరిగిన నీరు పోసి మూతపెట్టెడివారు. పావుగంటకు చిక్కని డికాషను క్రిందిగిన్నెలోనికి బొట్టుబొట్టుగా దిగెడిది.

ఈ పద్ధతిలో శాస్త్రము కలదు. వేయించిన గింజలో బొగ్గుపులుసు వాయువును, పరిమళద్రవ్యములును బంధింపబడి యుండును. గింజ గింజగా నున్నంతవరకు అవి మెల్లగా పోవును. పొడి చేసినంతనే గాలి సోకు తలము ఎన్నియో రెట్లు పెరిగి, పరిమళము నిమిషములలోనే తగ్గ నారంభించును. మన అమ్మమ్మలకు ఈ రసాయనశాస్త్రము తెలియదు. విసరిన పొడిని నిల్వ యుంచరాదని మాత్రము తెలియును.

క్రమముగా పొట్లములలో పొడి వచ్చినది. నీటిలో కలిపినంతనే కరగు పొడి వచ్చినది. కాఫీమిల్లు అటకెక్కినది. చికోరీ అను దుంపను వేయించి పొడిచేసి కలుపుట వాడుకయైనది. అది రంగును, చిక్కదనమును ఇచ్చును, నీరు మెల్లగా దిగునట్లు చేయును, వెలయు తక్కువ. మితముగా కలిపిన చికోరీ కొందరికి ప్రియమైనదే. కాని మన దేశపు నిబంధన ప్రకారము కాఫీ–చికోరీ మిశ్రమమున చికోరీ 49 పాళ్ళవరకు ఉండవచ్చును. పొట్లముమీద వ్రాసిన పాళ్ళను చదువక కొన్నవారు, సగము దుంపను కాఫీ వెలకు కొనుచుండవచ్చును.

క్రొత్త యంత్రము పనిచేయు తీరు

నీటిని ఒత్తిడితో కాఫీపొడిగుండ పంపు విద్య ఇటలీలో పుట్టినది. 1884లో ట్యూరిన్ నగరమునందలి ఆంజెలో మోరియొండో ఆవిరి బలముతో పనిచేయు యంత్రమునకు హక్కు పొందెను. 1901లో మిలాను వాసి లుయీజీ బెజ్జెరా దానిని కప్పు కప్పునకు కాఫీ తీయునట్లు సవరించెను. రెండవ ప్రపంచయుద్ధమునకు పిమ్మట అకిల్లె గాజ్జియా ఆవిరికి బదులు ముషలమును వాడి, ఒత్తిడిని హెచ్చించి, పైన బంగారువన్నె నురుగు తేలు కాఫీని తీసెను. 1961 నాటి యంత్రములో విద్యుత్పంపు ఆ ముషలము స్థానము నందుకొనెను. విసరుట మొదలు వడియుటవరకు అన్నియు తానే చేయు గృహయంత్రములు 1980 తరువాతి దశాబ్దమున ఇటలీ, స్విట్జర్లాండు దేశములలో వెలువడినవి.

మీట నొక్కినపుడు లోపల జరుగు పని ఇది. పైతొట్టిలోని గింజలు విసురుడు చక్రముల నడుమకు జారును. ఇవి మన తిరగలివంటివే: ఒక చక్రము కదలక యుండును, రెండవది తిరుగును, నడుమ సందు ఎంతయో పొడి అంత సన్నము. కొన్నింట ఈ చక్రములు ఉక్కువి, కొన్నింట పింగాణివి. 7 మొదలు 12 గ్రాముల పొడి ఒక చిన్న గదిలో పడును. ముషలము దానిని బిళ్ళవలె అదుమును. వేరొకచోట పంపు నీటిని తోడి, వేడిచేయు దిమ్మెగుండ పంపును. నీరు 90 మొదలు 96 డిగ్రీల వేడి నందుకొనును. మొదట కొంచెము నీరు పొడిని తడిపి ఆగును. పిదప తక్కిన నీరు వాతావరణపు ఒత్తిడికి ఇంచుమించు 9 రెట్లు ఒత్తిడితో పొడిగుండ దూరి, అర నిమిషములో కప్పులో దిగును. వాడిన పిప్పి బిళ్ళగా ప్రక్క డబ్బాలో పడును. పాలకు వేరుగా ఆవిరి గొట్టము గాని, నురుగు పట్టు అమరిక గాని ఉండును.

మన ఫిల్టరులో నీటిని దింపునది భూమి ఆకర్షణ. పట్టు కాలము పావుగంట. యంత్రములో దింపునది పంపు. పట్టు కాలము అర నిమిషము. అందుచేత రుచులు వేరు. యంత్రపు కాఫీ నురుగుతో, ఘాటుగా, కొలదిగా నుండును. మనము సగమునకు పైగా కాచిన పాలు పోసి, గ్లాసునుండి గిన్నెలోనికి తిరగబోసి త్రాగు కాఫీ యందు వచ్చునని ఆశించినవారు నిరాశ పొందుదురు. రెండింటికిని సామాన్యమైనది ఒకటే: త్రాగుటకు ముందే విసరిన గింజ. ఈ యంత్రము గొప్పదనములో పెద్దపాలు ఆ తాజా గింజదే.

కొనదలచినవారికి

ఇట్టి యంత్రముల వెల ముప్పది నలుబది వేల రూపాయలు మొదలుకొని లక్ష దాటువరకు నున్నది. కావున ముందు ఇంటి అలవాటును చూచుకొనవలెను. పదిమంది గల యింట, ఉదయము ఒకేవేళకు అందరును పెద్ద గ్లాసులతో పాలకాఫీ త్రాగువారైనచో, ఒక్కొక్క కప్పుగా తీయు యంత్రమువలన ఆలస్యమే తప్ప లాభము లేదు. వారికి చక్రములు గల చేతిమిల్లు గాని, చిన్న విద్యుత్తు మిల్లు గాని, పాత ఇత్తడి ఫిల్టరును చాలును; కొలది వేలలో తాజా కాఫీ దొరకును. మిక్సీ కత్తి గింజను నరకునే గాని సమముగా విసరదు. పొడిలో నలుసులును దుమ్మును కలిసి వచ్చును. ఇద్దరు ముగ్గురే యున్న యింట, వేరువేరు వేళలలో చిన్న కప్పులు త్రాగువారికి, చేతులు నొచ్చు వృద్ధులకు యంత్రము నిజముగా ఉపకరించును.

కొన నిశ్చయించినచో ఈ సంగతులు విచారింపవలెను. విసురుడు సన్నదనమును మార్చుకొను వీలుండవలెను. పొడిని వడగట్టు లోపలిగది చేతితో బయటకు తీసి కడుగునట్లుండుట మేలు. మన వానకాలపు తేమలో అచ్చట బూజు పట్టును. చికోరీ కలిపిన పొడి వాడుకొనువారు, పొడికి వేరుద్వారము గలదా యని చూడవలెను. బంధువుల యింట నొకచోట చికోరీపొడిని గింజలతొట్టిలోనే పోసిరి. అది తేమ పీల్చి ముద్దయై, చక్రములు బిగిసి, క్రొత్త యంత్రము నెలదినములలోనే మూలబడినది. నూనె పైకి తేలునంత నల్లగా మాడ్చిన గింజలును ఇట్లే చక్రములకు అంటుకొనును. నడితరముగా వేయించినవి శ్రేష్ఠము. నీటిలో సున్నపు పాలు హెచ్చైనచో లోపలి గొట్టములలో పెచ్చు కట్టును గనుక, చెప్పిన గడువునకు దానిని కరగించు మందుతో శుభ్రపరచవలెను. ఇట్టి యంత్రము వేడెక్కునపుడు 1,200 మొదలు 1,500 వాట్ల విద్యుత్తు లాగును. మన ఊళ్ళలో ప్రవాహము హెచ్చుతగ్గు లగుట కలదు కావున తగిన స్టెబిలైజరు అవసరము. అన్నింటికంటె ముఖ్యముగా, మరమ్మతు ఎక్కడ జరుగునో ముందు తెలిసికొనవలెను. కొండ దిగి విశాఖకో, భువనేశ్వరమునకో యంత్రమును మోసికొనిపోవలసివచ్చినచో, దాని సుఖము దానితోనే దిగిపోవును.

అయితే ఈ జాగ్రత్తలన్నియు రెండవ మెట్టు. మొదటి మెట్టు గింజ. నెలలతరబడి దుకాణములో నిలిచిన గింజను లక్షరూపాయల యంత్రములో పోసినను పాత కాఫీయే దిగును. వేయించిన తేదీ చూచి, మూడు నాలుగు వారములలో వాడుకొనదగినంతయే కొని, గాలి చొరని డబ్బాలో దాచినచో, అటకమీది పాత మిల్లు సైతము మంచి కాఫీ నిచ్చును. అట్టి గింజకై మనము దూరము పోనక్కరలేదు. నందపురము, లమతాపుట్, పొట్టంగి, సెమిలిగుడ ప్రాంతపు వాలులమీద అది పండుచున్నది.

మనము ఈ నేలకు వచ్చి తరములు గడచినవి. ఈ నేల మనకు ఉద్యోగ మిచ్చినది, వ్యాపార మిచ్చినది, భాష ఒకటికి రెండు నిచ్చినది. మన పూర్వులు కొండ నెక్కునపుడు కాఫీ నాగరకతను తామే పైకి తెచ్చితిమని భావించి యుందురు. కాని ఆ గింజయే ఈ కొండపై పండి, ఈ కొండవారి చేతులమీదుగా మన గ్లాసులోనికి రావచ్చునని వారు ఊహించియుండరు. నేడు యంత్రపు మీట నొక్కినపుడు, లోపల నలుగు గింజ మాచ్‌ఖండ్ వాలులమీదిది కావచ్చును. చక్రమును త్రిప్పు విద్యుత్తులోను ఆ నదిపాలు కొంత యుండవచ్చును. ఆ రెండింటికొరకును ఊళ్ళు విడిచినవారు, మొక్కలు నాటినవారు, పండ్లు కోసినవారు మన పొరుగువారే.

కావున ఈ సంపుటము చదువు గృహిణులకు, గృహస్థులకు నా విన్నప మొక్కటే. యంత్రము కొనుడు, కొనకుండుడు. అది మీ యిష్టము, మీ వసతి. గింజను కొనునపుడు మాత్రము ఇది ఏ కొండది, పండించినవానికి ఏమి దక్కినది యని ఒక్కమాట అడుగుడు. కోత వేళ పిల్లలను వెంటబెట్టుకొని ఒకమారు తోటకు పోయి, 30 పండ్లు వారిచేతనే కోయింపుడు. ఆ మరునాటి ఉదయము వారు త్రాగు కాఫీకి ఒక ఊరుండును. ఆ ఊరు తమదని వారికి తెలియును.